అంచు

కాంటర్‌బరీ. పదిహేనువందల తొంభై, మార్చి నెలాఖరు.
అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.
జాక్మీన్ అత్త మగ్గం పక్కన కూచుని
కండెలు చుట్టడం నా పని.
అత్త అంటే వరసకి కాదు,
పడవలో వాంతులవుతుంటే ఒళ్ళో పడుకోబెట్టుకున్నందుకు.

కిటికీ కింద స్టౌర్ నది.
అద్దకంవాళ్ళు ఏది కడిగితే ఆ రంగు దానికి.
ఆ పూట ఎందుకో వట్టి నీళ్ళలా పారుతోంది.

డోవర్ నుంచి ఉన్ని తెచ్చే టూసాన్
బండి ఆగకముందే దూకి అరిచాడు.
"ఈవ్రీ మైదానంలో గెలిచాం!
రెండు గంటలు. అంతే.
పారిపోయేవాళ్ళతో వంతెన కిక్కిరిసిపోయిందట!"

వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి.
మగ్గాలు ఆగితే మా వీధి ఇంత నిశ్శబ్దమా అని
అప్పుడే తెలిసింది నాకు.
తర్వాత ఒక్కసారిగా ఏడుపులూ నవ్వులూ.
కుంటి మర్లియే చెప్పులు మరిచి గుడికి పరిగెత్తాడు.

పెద్ద గుడి నేలమాళిగలో మా గుడి.
పైన వాళ్ళ ప్రార్థన, కింద మా భాష.
ఆ సాయంత్రం ఎంత గట్టిగా కీర్తన పాడామంటే
పైన రాతి బిషప్పులకి నిద్ర పట్టి ఉండదు.

అత్త పాడలేదు.
టూసాన్ చేతిలో పెట్టిన మూటని
విప్పకుండా ఒళ్ళో ఉంచుకుని కూచుంది.
ఎలియాజర్ దళంవాళ్ళు పంపారట.

మనవాళ్ళంతా తెల్లపట్టీ కట్టుకుంటారు,
పొగలో ఎవడు ఎవడో తెలియాలిగా.
రెండేళ్ళ కిందట వాడు వెళ్తానంటే
అత్త ఆపలేదు, దీవించనూ లేదు.
మూడు రాత్రులు కూచుని పట్టీ నేసింది.
"పోతే పో. ఇది మాత్రం విప్పకు."

రాత్రి దీపం దగ్గర మూట విప్పింది.
సగం తెలుపు.
మిగతా సగం సంగతి నేను చెప్పను.
అత్త ఏడవలేదు. బొటనవేలు అంచు మీద పెట్టి
గుడ్డివాళ్ళు మొహం తడిమినట్టు
ఈ కొస నుంచి ఆ కొసకి జరిపింది.
మళ్ళీ జరిపింది.
"ఇది నా నేత కాదు."

అత్త అంచున నాలుగు జంట పోగులు పోస్తుంది.
ఇక్కడ మూడు.
కుడివైపు బిగువు, ఎడమవైపు వదులు.
ఎడమచేతివాటం మనిషి.
పోగు తెగినచోట ముడి వెయ్యలేదు,
నలిపి కలిపింది.

"అయితే వాడు బతికే ఉన్నాడు" అన్నాను.
అత్త మొహం వెలిగింది.
వెంటనే ఆమే వత్తి తగ్గించుకున్నట్టయింది.
"మరి ఇది కట్టుకున్నవాడు?"

పట్టీని ఏడు నీళ్ళలో ఉతికి
మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగింది.
ఎవరింటికెళ్ళినా పలకరింపు కంటే ముందు
మగ్గం మీద గుడ్డ అంచు తడిమేది.
సంబరంలో ఉన్నవాళ్ళకి ఇది విసుగు.
"పోయినవాళ్ళ లెక్క దేవుడు చూసుకుంటాడమ్మా" అంది పాస్టరమ్మ.
"ఆయన లెక్క ఆయనది. అంచు లెక్క నాది."

ఎలియాజర్ రాలేదు. కబురూ లేదు.

ఆకులు రాలే రోజుల్లో రై రేవులో దిగి
ఇంకో పడవవాళ్ళు మా వీధికొచ్చారు.
వాళ్ళలో ఒకామెకి మా పాత మగ్గం ఇచ్చారు.
నేను కండెల బుట్ట పట్టుకెళ్ళాను.
ఆమె ఎడమచేత్తో నాడె విసిరింది.

అంచు చూశాను.
ఒకటి, రెండు, మూడు.

అత్తని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.
ఇన్నాళ్ళు వెతికిన మనిషి గడపలోనే ఆగిపోయింది.
ఆమె నవ్వుతూ తల తిప్పింది.
"మావాడు వేసవికల్లా వచ్చేస్తాడు.
గెలిచాం కదా, ఇక సెలవిస్తారు.
జనంలో వాణ్ణి పోల్చుకోవడం నాకు తేలికే,
వాడు కట్టుకున్న పట్టీ నేను నేసిందే."

అత్త చెయ్యి రవికెలోకి వెళ్ళింది.
అక్కడే ఉండిపోయింది.
తర్వాత ఖాళీగా బయటికొచ్చింది.

నేల మీద కూలబడి
నా చేతిలోంచి కండె లాక్కుంది.
అప్పటికే నిండిన కండె.
దాని మీదే మళ్ళీ చుట్టడం మొదలెట్టింది.